డైలీ అంటే రోజూనా, రోజుకా, రోజువారీనా?

హాస్టల్లో పొద్దున లేచినప్పటి నుంచి పడుకునేదాకా ‘డైలీ’ అనే మాట ఎన్నిసార్లు వాడతామో ఒకసారి గమనించండి. వాడు డైలీ లేటే. నాకు డైలీ రెండు జీబీ. ప్రాజెక్టుకు డైలీ రిపోర్టు పెట్టాలంట. మా సదుం బస్టాండులో నిలబడితే ఇంకో రెండు వినిపిస్తాయి: డైలీ కూలి, డైలీ ఫైనాన్సు. పక్కనే మందుల షాపులో మరొకటి: ఈ మాత్ర డైలీ.

మాట ఒకటే, చేసే పనులు వేరు. ఒక్కొక్కదాన్నీ తెలుగు చేసి చూడండి. వాడు రోజూ లేటే. నాకు రోజుకు రెండు జీబీ. రోజువారీ రిపోర్టు. దినసరి కూలి. ఫైనాన్సు అయితే ఏ రోజుది ఆ రోజు కట్టేది. ఒక చోట పెట్టింది ఇంకో చోట పనికిరాదు. ‘వాడు రోజుకు లేటే’ అంటే వాక్యమే కుంటుతుంది. ‘నాకు రోజూ రెండు జీబీ’ అంటే నడుస్తుంది గానీ, అందులో కొలత పోయి అలవాటు వచ్చి కూర్చుంది.

ఇంగ్లీషు ‘డైలీ’ ఒక్క గోతాంలో నాలుగు సరుకులు కలిపి మోస్తుంది. తెలుగు వాటిని విడదీసి, ఒక్కోదానికీ చిన్న తోక తగిలించి చెబుతుంది. మనం తెలుగు వాక్యంలో డైలీ పెట్టిన ప్రతిసారీ ఆ తోకను కోసేస్తున్నాం. లేటుగా వచ్చేవాడి విషయంలో దానివల్ల వచ్చే నష్టమేమీ లేదు. డబ్బు దగ్గర, మందు దగ్గర ఉంది. అక్కడికి పోయేముందు మాటల సంగతి కాస్త చూద్దాం.

ముందు ఇంగ్లీషు, తొందరగా. ‘డే’ జర్మానిక్ కుటుంబం మాట. డైరీ, జర్నల్, జర్నీ మాత్రం లాటిన్‌లో రోజుకు వాడే ‘దియేస్’ నుంచి బయల్దేరి, కొన్ని ఫ్రెంచి మీదుగా వచ్చినవి. జర్నీ అంటే మొదట్లో ఒక రోజులో నడవగలిగిన దూరం. ‘డే’కీ ‘దియేస్’కీ పోలిక చూసి అన్నదమ్ములనుకుంటాం. కాదు, ఊరికే పేర్లు కలిశాయి. ‘దియేస్’కు నిజమైన చుట్టం మన సంస్కృతంలోని ‘దివసం’. పరీక్షల్లో పట్టుకునేది ఇంకొకటి ఉంది. ‘ఎవ్రీ డే’ విడిగా రాస్తే రోజూ, ‘ఎవ్రీడే’ కలిపి రాస్తే మామూలు. ఎవ్రీడే చెప్పులంటే పెళ్లికి దాచిపెట్టినవి కాకుండా మామూలుగా తొడుక్కునేవి.

ఈ ‘మామూలు’ కూడా అరబ్బీ నుంచి వచ్చి మన దగ్గర స్థిరపడింది. అసలు అర్థం ఆచారంగా జరిగేది. క్రమం తప్పకుండా చేతులు మారే డబ్బుకు కూడా అదే పేరు పెట్టుకున్నాం. లంచం అలవాటైపోయిందని ఇంత పొట్టిగా చెప్పే మాట వేరే భాషలో ఉందో లేదో గానీ, మనవాళ్లను మెచ్చుకోవాల్సిందే.

దీనికి సరిజోడు అచ్చ తెలుగులో ‘వాడుక’. మా వైపు పాలకు ‘వాడిక’ అంటారు. ఫలానా ఇంటికి వాడిక పోస్తున్నాం అంటే వాళ్లకు క్రమంగా పాలు మనమే ఇస్తున్నామని. వాడటం నుంచి వాడుక పుట్టింది, వాడుక అంటే అలవాటూ అయింది. ఇంగ్లీషులో ‘యూజ్’ నుంచి ‘యూజువల్’ వచ్చిన దారీ ఇదే. రెండు భాషలూ ఒకదాన్నొకటి చూసి రాసుకోలేదు. మనుషులు ఒక వస్తువును పదేపదే వాడుతుంటే అది అలవాటు అవుతుంది కదా, ఆ సంగతి రెండు చోట్లా మాటలోకి ఎక్కింది.

ఇప్పుడు తోకల దగ్గరికి వద్దాం. తెలుగు సొగసు ఇక్కడే ఉందని నా అభిప్రాయం.

‘రోజు’కు చివర ఉకారం సాగదీస్తే ‘రోజూ’. ఆ సాగదీత ఊరికే రాలేదు. ఇద్దరూ, నలుగురూ, ఎప్పుడూ, అందరూ అన్నప్పుడు చివర ఏదుందో అదే ఇదీ. ఒక్కటీ మిగలకుండా అన్నీ అని దాని అర్థం. ఇద్దరూ వచ్చారంటే ఒకరు కూడా ఆగిపోలేదని. రోజూ వస్తాడంటే ఒక్క రోజూ తప్పడని. ‘రోజు’ అనే మాటకు మనం చేసిందల్లా ఒక్క మాత్ర పొడిగించడం, అంతలోనే క్యాలెండరంతా లోపలికి వచ్చేసింది. ఫోన్లో ఇంగ్లీషు అక్షరాలతో తెలుగు కొట్టేటప్పుడు మాత్రం ఈ పొడుగు కనిపించదు. రోజు, రోజూ రెండూ ఒకేలా పడతాయి. డైలీ మన చాటింగుల్లో ఇంతగా పాతుకుపోవడానికి ఇదీ ఒక కారణమేమో అని నా అనుమానం. ఎదుటివాడికి సందేహం రాకూడదని డైలీ కొట్టేస్తాం.

‘కు’ చేరిస్తే కొలత. రోజుకు రెండు లీటర్లు, రోజుకు మూడు వందలు. మన ల్యాబుల్లో ‘పర్’ అని చదివేదంతా ఈ ఒక్క అక్షరమే. గంటకు అరవై కిలోమీటర్లు, ఎకరాకు పది బస్తాలు. ‘రోజుకో’ అని ఓత్వం పెడితే మళ్లీ మారింది. రోజుకో మాత్ర అంటే లెక్క, రోజుకో మాట అంటే తిట్టు. రోజుకో మాట, పూటకో వేషం అన్నప్పుడు నిన్నటిది ఇవాళ ఉండదనే అర్థం ఎక్కడి నుంచో వచ్చి చేరుతుంది.

‘రోజురోజుకూ’ అనేది ఇంకా వేరు. అందులో మార్పు ఉంది. ‘అవ్వకు రోజూ నీరసంగా ఉంటోంది’ అంటే నిన్న ఎంతో ఇవాళా అంతే. ‘అవ్వ రోజురోజుకూ నీరసపడుతోంది’ అంటే జారిపోతోందని. మొదటి మాట విన్న డాక్టరు టానిక్కు రాస్తాడు, రెండో మాట విన్న డాక్టరు పరీక్షలు రాస్తాడు. ‘డైలీ వీక్‌గా ఉంటోంది సార్’ అని చెప్పి ఊరుకుంటే ఆయనకు ఏది అందినట్టు? గ్రాఫులో చెప్పాలంటే రోజూ అడ్డగీత, రోజురోజుకూ ఏటవాలు గీత. ‘రోజంతా’ ఇంకోటి. ‘జ్వరం రోజూ వస్తోంది’, ‘రోజంతా ఉంటోంది’ రెండూ ఒకటే జబ్బు కాకపోవచ్చు.

‘ఏ రోజుకారోజు’ అనేదాన్ని ఇంగ్లీషు చేయమంటే నాకు కష్టమే. ప్రతి రోజుకూ దాని లెక్క దానికే, నిన్నటితో పనిలేదు, రేపటికి హామీ లేదు. మదనపల్లె మార్కెట్లో టమాటా ధర చూసినవాళ్లకు ఈ మాట వివరించక్కర్లేదు. 2023 జూలైలో అక్కడ కిలో వంద దాటిపోయి పేపర్లలో మొదటి పేజీకి ఎక్కింది. కోత కూలి కూడా రాదని కాయను రోడ్డు పక్కన పారబోసిన రోజులూ అదే మార్కెట్టువి. టమాటా రైతును ‘మీ డైలీ రేటెంత’ అని అడిగితే నవ్వుతాడు. ఆయనకున్నది ఏ రోజుకారోజు రేటు.

ఇక ‘రోజు’ అనే మాట అసలు మనదేనా అంటే, పారసీ. నవ్‌రోజ్ అంటే కొత్త రోజు, పారశీకుల సంవత్సరాది. ముస్లిం మిత్రులు రంజాన్ నెలలో ఉండే రోజా అదే. రోజ్‌గార్ అదే. 1989లో కేంద్రం పెట్టిన జవహర్ రోజ్‌గార్ యోజనలో ఉన్నదీ అదే. రోజువారీలో ‘వారీ’, తేదీకి మనం అనే ‘తారీఖు’, ఇవన్నీ నవాబుల కచేరీల నుంచి, రెవెన్యూ దస్తరాల నుంచి మన నోళ్లలోకి వచ్చినవి.

మా సదుంలో పెద్దవాళ్లు రోజూ అనరు. ‘దినామూ’ అంటారు. దినామూ పోతాడు, దినానికి రెండు తూర్లు, దినం ఇడిసి దినం. సారికి మా మాట తూరి. ఉత్తరాంధ్రలో ఒకపాలి అంటారు, తెలంగాణలో ఒకపారి, దఫా కూడా వింటాం. మా వైపు పిల్లలు ఊరు దాటి కాలేజీకి రాగానే ముందు పారేసుకునే మాటల్లో దినామూ ఒకటి. కారణం ఉంది. కోస్తా జిల్లాల్లో దినం అంటే కర్మ. పదో దినం, పెద్ద దినం. ‘ఈ దినం మా ఇంట్లో...’ అని మనం మొదలుపెడితే రూమ్మేటు మొహం మారిపోతుంది, ఎవరు పోయారా అని. రెండు మూడుసార్లు అలా జరిగాక మనమే మెల్లగా డైలీకి మారిపోతాం. రోజూ అనడానికి నాలుక తిరగదు, దినామూ అంటే నవ్వుతారు, మధ్యలో డైలీ ఎవరికీ చెందనిది కాబట్టి సుఖం.

కానీ దినామూ చిన్న మాట కాదు. పుంగనూరు దాటి పడమరగా పోతే కోలారు సీమ. అక్కడ కన్నడంలో ‘దినాలూ’ అంటారు. కుప్పం నుంచి తమిళం వైపు దిగితే ‘దినముమ్’. తమిళ పేపర్ల పేర్లు చూడండి: దినమణి, దినమలర్, దినత్తంది. మూడు భాషలూ సంస్కృతం దినాన్ని తెచ్చుకుని, ఎవరి తోక వాళ్లు తగిలించుకున్నాయి. తోక కూడా గమనించండి: తెలుగులో ఊ, కన్నడంలో ఊ, తమిళంలో ఉమ్. పైన చెప్పిన ‘ఒక్కటీ మిగలకుండా’ అనే ఆ ముక్కే. అరువు తెచ్చిన మాటకు ఇంటి తోక. 1997లో ద్రావిడ విశ్వవిద్యాలయాన్ని కుప్పంలో పెట్టింది ఇలా మూడు భాషలు కలిసే చోటని. ఆ కలయికకు సాక్ష్యం కావాలంటే మా ఊరి అవ్వల నోట్లో ఈ ఒక్క మాట చాలు.

అంటే రోజు పారసీ, దినం సంస్కృతం. మరి మన సొంత మాటేది? ‘నాడు’. ఆనాడు, ఏనాడూ, నాలుగు నాళ్లు, నానాటికీ. విడిగా ‘ఒక నాడు’ అంటే కథ మొదలైనట్టుంటుంది గానీ, అతుక్కుపోయిన చోట్ల బతికే ఉంది. 1974లో విశాఖపట్నంలో మొదలైన పేపరుకు ‘ఈనాడు’ అని పేరు పెట్టినప్పుడు అది పని చేసింది కూడా ఇందుకే. ఈ రోజు అనీ అర్థం, ఈ నేల అనీ అర్థం. దానికి అరవై ఏళ్ల ముందు కాశీనాథుని నాగేశ్వరరావు గారి ఆంధ్రపత్రిక 1914లో మద్రాసు నుంచి దినపత్రికగా వచ్చింది. బొంబాయిలో 1908లో పుట్టినప్పుడు అది వారపత్రిక. చూడండి, పత్రికకు దినమే అతికింది. రోజుపత్రిక అని ఎవరూ అనలేదు. దినచర్య, దినఫలం, దినపత్రిక ఒక వరస. రోజుకూలి, రోజువారీ ఇంకో వరస. సంస్కృతం రాతలో కూర్చుంది, పారసీ లెక్కల్లో కూర్చుంది.

‘నిత్యం’ సంగతి వేరే. దానికి రెండు అర్థాలు, ఒకటి రోజూ, రెండోది శాశ్వతంగా. ఇంగ్లీషువాడికి డైలీ, ఎటర్నల్ రెండూ చెరో కొసన ఉంటాయి, మనకు ఒకే మాటలో ఇమిడిపోయాయి. రోజూ జరిగేది ఎప్పటికీ జరుగుతుందనే ధీమా అందులో ఉంది. నిత్యకల్యాణం పచ్చతోరణం అనేది ఆ ధీమాతోనే. అయితే నిత్యానికీ సెలవుంది. తిరుమలలో సుప్రభాతం నిత్యసేవ, శుక్రవారం అభిషేకం, గురువారం తిరుప్పావడ వారపు సేవలు. కానీ ధనుర్మాసం నెల రోజులూ సుప్రభాతం ఉండదు, దాని చోట తిరుప్పావై చదువుతారు. నిత్యసేవ అనే పేరు మాత్రం మారదు.

నిత్యం వచ్చి ఇరుక్కున్న ఇంకో చోటు చట్టం. 1955 నాటి కేంద్ర చట్టాన్ని ఇంగ్లీషులో ‘ఎసెన్షియల్ కమాడిటీస్’ చట్టం అంటారు. ఎసెన్షియల్ అంటే తప్పనిసరి. మనం నిత్యావసర సరుకుల చట్టం అన్నాం, అంటే రోజూ కావలసినవి. దాంతో మన తలలోకి వెంటనే బియ్యం, పప్పు, నూనె వస్తాయి. ఆ చట్టం జాబితాలో తిండి సరుకులున్న మాట నిజమే. మందులు, ఎరువులు, విత్తనాలు, పెట్రోలియం, పచ్చి జనపనార కూడా ఉన్నాయి. పచ్చి జనపనార రోజూ ఎవరింట్లో కావాలి చెప్పండి. అనువాదం వినడానికి బాగుంది, బాగుంది కాబట్టే నిలబడింది. అర్థం మాత్రం కాస్త పక్కకు జరిగింది.

సరే, డబ్బు దగ్గరికి.

‘దినసరి’ అనే మాట ప్రభుత్వ కాగితాల్లో ఎంత బరువైనదో ఉద్యోగుల ఇళ్లలో పెరిగినవాళ్లకు తెలుసు. దినసరి వేతనం మీద ఉన్న మనిషి ఆఫీసుకు రోజూ వస్తాడు. అసలు ఆయనే రోజూ వస్తాడు. రాని రోజుకు డబ్బు లేదు కాబట్టి. నెలజీతం ఉన్నాయనకు సెలవులున్నాయి, ఆదివారానికీ జీతముంది. ‘రోజూ’ పని చేసినా ‘దినసరి’యే. ఈ రెండింటి మధ్య గోడ మన రాష్ట్రంలో 1994లో చట్టంలోకే ఎక్కింది. ఆ ఏడాది వచ్చిన 2వ నంబరు చట్టం ప్రభుత్వ కొలువుల్లో దినసరి వేతనం మీద కొత్తగా ఎవర్నీ తీసుకోకూడదంది. ఏప్రిల్ 22న వచ్చిన జీవో 212 ఏమో, 1993 నవంబరు 25 నాటికి అలా ఐదేళ్లు ఎడతెగకుండా పని చేసి కొనసాగుతున్నవాళ్లను పర్మనెంటు చేసేందుకు దారి పెట్టింది. ఐదేళ్లకు ఒక నెల తక్కువైనవాళ్లు ఏళ్ల తరబడి కోర్టుల చుట్టూ తిరిగారు. రోజులు లెక్కపెట్టి జీతమిచ్చేవాడిని, రోజులు లెక్కపెట్టే ఉంచాలా తీయాలా అని తేల్చారు. ఇంకో చిన్న తికమక: ‘డి.ఎ.’ అంటే ఒక కాగితంలో కరువు భత్యం, ఇంకో కాగితంలో దినసరి భత్యం. టూరు బిల్లులో ఉన్నది రెండోది.

డైలీ ఫైనాన్సుకు మన లెక్క పనికొస్తుంది. చిన్న అంగళ్లకు, తోపుడుబండ్లకు ఇచ్చే అప్పు ఇది. మామూలుగా ఉండే పద్ధతి ఒకటి తీసుకుందాం. కాగితం మీద పది వేలు. ముందే వెయ్యి పట్టుకుని చేతికి తొమ్మిది వేలు ఇస్తారు. వంద రోజులు, రోజుకు వంద. అడిగితే ‘దినానికి నూరు రూపాయలే కదప్పా, టీలకే పోతుంది’ అంటారు. తీసుకునేవాళ్లు కూడా తొమ్మిది వేలకు వెయ్యి వడ్డీ, వందకు పదకొండు అనుకుంటారు.

ఇప్పుడు చూడండి. తొమ్మిది వేలు వంద రోజులూ ఆయన దగ్గర లేవు. రెండో రోజు నుంచే తగ్గిపోతూ వచ్చాయి. వడ్డీ కూడా లెక్కలో వేసుకుని ప్రతి రోజు బాకీనీ కూడి వందతో భాగిస్తే సగటు బాకీ 4,700 దగ్గర తేలుతుంది. ఆ 4,700 మీద వంద రోజులకు వెయ్యి. అంటే రోజుకు సుమారు 0.21 శాతం. మన ఊళ్లలో వడ్డీని శాతాల్లో చెప్పరు, నెలకు నూటికి ఎన్ని రూపాయలని చెబుతారు. ఆ భాషలో ఇది ఆరు రూపాయల నలభై పైసల వడ్డీ. చక్రవడ్డీ వేయకుండానే ఏడాదికి 77 శాతం దాటుతుంది. రెండు రూపాయల వడ్డీకి మా పల్లెల్లో ఎవరూ ఆశ్చర్యపోరు. మూడంటే ఆలోచిస్తారు. ఆరు రూపాయల వడ్డీకి తీసుకుంటావా అని నేరుగా అడిగితే ఎంత గడ్డు పరిస్థితిలోనైనా ఒక్క నిమిషం ఆగుతారు. ‘దినానికి నూరు’ అన్నప్పుడు ఆ ఆగడం ఉండదు. అది కట్టే వేగం, వడ్డీ వేగం కాదు. ‘రోజుకు’ అనే తోక ఇక్కడ ఉండాల్సిన చోటే ఉంది, కానీ దానికి ముందున్న నూరు దేనికి కొలతో ఎవరూ చెప్పరు.

ఇక మందు. ఇంగ్లీషులో డైలీకి ఇంకో పర్యాయపదం ‘కోటీడియన్’. ఇప్పుడు జీఆర్ఈ పుస్తకాల్లో ‘మామూలు, విశేషం లేని’ అని చదువుతున్నాం. పాత ఇంగ్లీషు రాతల్లో అది ఎక్కువగా జ్వరానికి వాడే మాట, రోజూ వచ్చే జ్వరం అని. మన ఆయుర్వేదం కూడా జ్వరాలను అలాగే విడదీసింది. రోజుకోసారి వచ్చేది అన్యేద్యుష్కం, దినం విడిచి దినం వచ్చేది తృతీయకం, రెండు రోజులు విడిచి వచ్చేది చతుర్థకం. విడిచేది ఒక్క రోజే కదా, మరి తృతీయకం ఎందుకైంది? జ్వరం వచ్చిన రోజును కూడా ఒకటిగా లెక్కేశారు కాబట్టి. లాటిన్ వాళ్లూ అలాగే లెక్కేసి దాన్నే ‘టెర్షియన్’, మూడోది, అన్నారు. మలేరియాలో కొన్ని రకాలకు 48 గంటలకోసారి, ఒకదానికి 72 గంటలకోసారి జ్వరం రావడం ఇప్పటి వైద్యం కూడా చెప్పేదే. జ్వరం ఎన్నాళ్లకోసారి వస్తోందనే మాటే ఏ జ్వరమో చెప్పింది.

టి.బి. విషయంలో ఈ మాటే పథకాన్ని మార్చింది. మన దేశంలో చాలా ఏళ్లు ప్రభుత్వ చికిత్సలో మందు వారానికి మూడుసార్లు, రోజు విడిచి రోజు ఇచ్చేవాళ్లు. ఎదురుగా నిలబడి మింగించాలి కాబట్టి మూడుసార్లయితే సులువని. రోజూ వేసుకోకపోతే జబ్బు తిరగబెట్టే ప్రమాదం, మందుకు లొంగని రకం తయారయ్యే ప్రమాదం ఎక్కువని వాదనలు జరిగాయి, సుప్రీంకోర్టు దాకా పోయింది. 2017లో దేశమంతా రోజూ వేసుకునే పద్ధతికి మారింది. రోజు విడిచి రోజు నుంచి రోజూకు. మాటలో తేడా చిన్నదే, లక్షల మంది మింగే మాత్రల లెక్క మారింది.

చీటీ మీద ఈ మాటను పొట్టిగా రాయడంలో ఇంకో ప్రమాదముంది. మన డాక్టర్లు రోజుకొకసారికి ‘ఓడీ’ అని రాస్తారు. కంటి డాక్టరు చీటీలో ఓడీ అంటే కుడి కన్ను. అమెరికాలో రోజూ అనడానికి ‘క్యూడీ’, రోజు విడిచి రోజుకు ‘క్యూఓడీ’ అని రాసేవాళ్లు. మధ్యలో ఉన్న ఓ సరిగా పడకపోతే, చుక్క ఐలా కనిపిస్తే, రోజుకొకటి నాలుగైపోతుంది, రోజు విడిచి రోజు వేయాల్సింది రోజూ పడుతుంది. అక్కడి ఆసుపత్రులకు గుర్తింపునిచ్చే జాయింట్ కమిషన్ 2004లో ఈ పొట్టి గుర్తులను వాడకూడనివాటి జాబితాలో పెట్టింది. వాటికి బదులు ఏం రాయమంది? ‘డైలీ’ అని పూర్తిగా.

పూర్తిగా రాసినా ఆగని చోటు ఒకటుంది. కీళ్లవాతానికి మెథోట్రెక్సేట్ అనే మందు ఇస్తారు. వారానికి ఒక్కసారి. పొరపాటున రోజూ వేసుకుంటే ఎముకల మూలుగ దెబ్బతిని ప్రాణం పోయిన కేసులు చాలా దేశాల్లో ఉన్నాయి. బీపీకి, షుగరుకు అన్నీ రోజూ వేసుకునే మాత్రలే అయినప్పుడు, వాటి మధ్య ఒక్కటి వారానిది ఉంటే చెయ్యి అలవాటుగా దాని మీదికి కూడా పోతుంది. వాడుక అన్నాం కదా, అదే. 2019లో యూరోపియన్ మెడిసిన్స్ ఏజెన్సీ దీని మీద కొత్త జాగ్రత్తలు చెప్పింది. వాటిలో ఒకటి, ఏ వారమో పేరు రాసుకోవాలని.

మా అవ్వ మందుల సంచిలో ఇది ఉంది. ఆమెకు ఇంగ్లీషు రాదు, తెలుగు కూడబలుక్కుని చదువుతుంది. ‘దినామూ యేసుకునేదేనా ఇది?’ అని ప్రతి మాత్రకూ అడుగుతుంది. మిగతావాటి మీద షాపాయన ఒకటి-సున్నా-ఒకటి అని పెన్నుతో గీసి ఇస్తాడు. దీని కవరు మీద మాత్రం పెద్ద అక్షరాలతో తెలుగులో రాశాడు: ‘బేస్తవారం ఒకటే. మిగతా దినాలు వద్దు.’ మా వైపు గురువారాన్ని బేస్తవారం అంటారు.